చౌడయ్య కాళ్ళ కొలత

నేతపాలెం చౌడయ్యకు అరవై ఒక్క ఏళ్ళు. ఆ అరవై ఒక్క ఏళ్ళలో ఆయన ఒంట్లో జబ్బనేది ఒక్క పూట కూడా కాపురం పెట్టలేదు. ఒకసారి చీరాల నుంచి చలిజ్వరం ఒకటి బస్సెక్కి వచ్చి ఆయన ఇంటి అరుగు మీద కూర్చుందట. లోపల మగ్గం చప్పుడు విని దానికే ఒణుకు పుట్టి, వచ్చిన బస్సు తిరుగుముఖం పట్టేలోగా పరుగెత్తుకెళ్ళి మళ్ళీ ఎక్కేసిందట. ఆసుపత్రి గడప ఎత్తుగా ఉంటుందో పల్లంగా ఉంటుందో ఆయన కాళ్ళకు తెలియదు. అంతటి ఒళ్ళు కాబట్టే, మనిషి ఒంట్లో రక్తం నడకను చూపించే గుడ్డ నెయ్యడానికి ప్రయోగశాల వాళ్ళు ఊరూరా గాలించి చివరికి ఆయన్ని ఎంచుకున్నారు.

ఆ గుడ్డలు నలభై మూడు ఆసుపత్రులకు చేరిన రెండో ఏడు, శ్రావణమాసంలో ఒక మంగళవారం, పొద్దున పది దాటి పది నిమిషాలకు చౌడయ్య మగ్గం ఆగిపోయింది.

ఆయన భార్య కోటిరత్నం మగ్గానికి నాలుగు బారల దూరంలో, రాట్నం ముందు బాసింపట్టు వేసుకుని కండెలకు నూలు చుడుతోంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా చెవిలో ఉన్న చప్పుడది. ఆగితే తప్ప ఉందని తెలియదు. ఆమె తలెత్తి గోడ గడియారం వైపు చూసింది. అన్నానికి ఇంకా చాలా పొద్దుంది.

"ఏందయ్యా, పోగు తెగిందా?"

"తెగలా." కాళ్ళు దించుకుని నేసే మగ్గం గుంటలోంచి చౌడయ్య గొంతు కాస్త సన్నగా వచ్చింది. "కాళ్ళు తిమ్మిరెక్కినయ్."

"రోజూ ఎక్కేదేగా."

"రోజూ ఒకటి ఎక్కుద్ది, ఒకటి దిగుద్ది. ఇయ్యాల రెండూ కూడబలుక్కున్నట్టు ఎక్కినయ్."

గుంట మగ్గం నేసేవాళ్ళకు తిమ్మిరి చుట్టం కాదు, ఇంట్లో మనిషే. మోకాళ్ళు ముడిచి, కాళ్ళు చెమ్మ గుంటలోకి దించి, గట్టు అంచు తొడల కింద ఒత్తుకుంటూ ఉంటే, రోజుకు ఎనిమిది గంటలు మగ్గాన్ని ఆడించే చెక్కలు తొక్కుతారు. సందేళ మొగుడు గుంటలోంచి లేచే వేళకు పెళ్ళాం పెనం మీద ఇసుక వేయించి మూట కట్టి సిద్ధంగా ఉంచుతుంది. ఆముదం రుద్ది, మూటతో కాపడం పెడితే మూడో విడతకు కాళ్ళు మనిషివవుతాయి. ఆ పాలెంలో కాళ్ళు తిమ్మిరెక్కాయని వైద్యుడి దగ్గరికి పోయినవాడు లేడు. పోతే జన్మంతా ఆ పేరుతోనే పిలుస్తారు.

అందుకని కోటిరత్నం పక్కింటివాళ్ళ సాయంతో ఆయన్ని పైకి లాగి, చాప మీద పడుకోబెట్టి, పొయ్యి మీద పెనం పెట్టింది.

పాదాలు చల్లగా ఉన్నాయి. ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. ఆముదం రుద్దింది.

"నువ్వు రుద్దేది నా కాళ్ళనేనా, పక్కింటోళ్ళ కాళ్ళనా?" అన్నాడు చౌడయ్య. "నాకేం తెలవటంలా."

ఆమె నవ్వింది. రెండో మూట పెట్టింది, మూడోది పెట్టింది. నాలుగోది పెట్టి, కాసేపటికి తియ్యబోతే అరచెయ్యి చురుక్కుమంది. చెయ్యి ఊదుకుంటూ మూట కింద పెట్టాక గానీ ఆమెకు తట్టలేదు. తన చెయ్యి పట్టుకోలేని ఆ మూట అంతదాకా ఆయన పాదం మీదే ఉంది. ఆయన అబ్బా అనలేదు.

అప్పుడు చూసింది సరిగ్గా. పాదాలు నానిన కాగితంలా తెల్లబడ్డాయి. ఆ తెలుపు మీద అక్కడక్కడా నేరేడుపండు మరకల్లాంటి మచ్చలు. వేళ్ళు కదపమంటే కదలలేదు. చౌడయ్య ముఖమంతా చెమట.

"నడుం కాణ్ణించి నొప్పి దిగుతోందే. నొప్పి ఉంది గానీ, నొప్పి పెట్టే కాలు మాత్రం లేదు."

గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. ఆ గంటా అయిదు నిమిషాలూ తన చేతుల్లోంచే పోయాయని కోటిరత్నం తర్వాత చాలా కాలం అనుకుంది.

ఆటోలో ఆమె ఒడిలో తల పెట్టుకుని కూడా చౌడయ్య ధైర్యంగానే ఉన్నాడు.

"ఎందుకే అట్టా బిగుసుకుపోతావు. అక్కడ మన గుడ్డ ఉంది. పరిస్తే చెప్పేస్తది."

మన గుడ్డ. ఆ మాటలో ఎంత గర్వముందో కోటిరత్నానికి తెలుసు. రెండేళ్ళ కిందట ఇమ్మానుయేలు అనే శాస్త్రవేత్త వాళ్ళింటికి వచ్చి, వంటగది గుమ్మంలో కూర్చుని, ఒక గాజు సీసాలోంచి పచ్చటి దారం తీసి చూపించాడు. బాపట్ల వైపు ఉప్పుకయ్యల్లో పెరిగే ఒక రకం నాచు నుంచి తీసిన దారం అది. ఆమె మణికట్టుకు ఒక పోగు చుట్టాడు. కాసేపటికి ఆ పోగు ఆమె నాడితో పాటు మెల్లగా ముదురుతూ లేతబడుతూ కనిపించింది.

"ఇది పచ్చిగా ఉన్నప్పుడు ఒంటికి తగిలితే, ఆ చోట రక్తం ఎంత ఆడుతుందో నేర్చుకుంటది పిన్నీ. వంద గంటలు నేర్చుకోనిచ్చి గంజిలో ముంచితే బిగుసుకుపోద్ది. ఇక కొత్తది నేర్చుకోదు, నేర్చింది మర్చిపోదు."

"అయితే మా ఇంటాయన లాంటిదే," అంది కోటిరత్నం.

వంద గజాల పడుగు వేశారు. పడుగులో ఒక అంచు పోగుల కొసలు చౌడయ్య మెడకు చుట్టారు. ఆ తర్వాతివి మణికట్లకు, నడుముకు, తొడలకు. రెండో అంచువి చీలమండలకు. ఆ వరసలోనే అల్లిక నడిచింది. నేశాక రెండేసి గజాల ముక్కలు కోసి, జబ్బుపడ్డ మనిషి మీద ఒక అంచు మెడ దగ్గరికీ, ఒక అంచు పాదాల దగ్గరికీ వచ్చేలా పరుస్తారు. చౌడయ్య రక్తంతో సమానంగా ఆడే చోట గుడ్డ తెల్లగా ఉంటుంది. తక్కువాడితే నీలం, ఎక్కువాడితే ఎరుపు. ఏ యంత్రమూ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

మొదటి రోజు మగ్గంలోకి దిగబోతూ చౌడయ్య అడిగాడు, "ఎట్టా కూర్చోమంటావు అబ్బాయ్?"

"ఎప్పుడూ ఎట్టా కూర్చుంటావో అట్టాగే బాబాయ్. నువ్వు ఏమీ మార్చొద్దు."

"మార్చమన్నా నాకు రాదులే."

అలా వంద గంటలు అట్టాగే కూర్చున్నాడు.

గుడ్డ తయారయ్యాక మొదట పరిచింది కోటిరత్నం మీదే. పైనంతా తెల్లగా వచ్చి, తొడల దగ్గర్నుంచి కింద దాకా మందారంలా ఎర్రబడింది. ప్రయోగశాల వాళ్ళు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుని, ఆమెకు కాళ్ళలో రక్తం పోటెక్కువని తేల్చి, ఉప్పు తగ్గించమన్నారు. పాపం ఆమె పద్నాలుగు నెలలు ఆవకాయ జాడీ మూత తియ్యలేదు. తర్వాత ఆసుపత్రుల్లో కూడా చాలామందికి కాళ్ళ దగ్గర ఎరుపే వచ్చింది. తీరం వెంట జనం ఉప్పు చేపలు తింటారు కదా, మామూలేనని పుస్తకంలో రాసుకున్నారు.

ఆసుపత్రికి చేరేసరికి పదకొండూ ముప్పావు దాటింది. అత్యవసర విభాగంలో ఆ పూట ఉన్నది డాక్టర్ షబానా. ముప్పై ఏళ్ళుంటాయి. మాట పొదుపు, నడక వేగం. చౌడయ్యను బల్ల మీదికి మార్చగానే పంచె పైకి జరిపి, పాదం మీద సూదితో పొడిచి చూసింది. మోకాలి మీద తట్టి చూసింది. ఏమీ లేదు. తర్వాత నర్సు గుడ్డ తెచ్చి పరిచింది.

మెడ నుంచి పాదాల దాకా గుడ్డ మల్లెపువ్వులా తెల్లగా ఉండిపోయింది.

షబానా ఊపిరి వదిలింది. "కాళ్ళలో రక్తం బాగానే ఆడుతోంది. అందరికీ ఇక్కడ కాస్త ఎరుపొస్తుంది, ఈయనకు అదీ లేదు. అంటే ఇది రక్తం సంగతి కాదమ్మా. వెన్నులో నరం నొక్కుకుపోయింది. ఒంగోలు పంపించి వెన్నుకు స్కాను తీయించాలి. మూడున్నరకు ఖాళీ ఉందంటున్నారు."

"చూశావా," అన్నాడు చౌడయ్య పళ్ళు బిగపట్టి. "చెప్పేసింది."

"ఇంతకు ముందు ఏమైనా జబ్బులున్నాయా?"

"లేవు," అన్నాడు చౌడయ్య.

"ఉన్నయ్," అంది కోటిరత్నం.

మొదట్లో చెప్పిన చలిజ్వరాన్ని ఇక్కడ బస్సులోంచి దింపెయ్యక తప్పదు. అది చౌడయ్య అరుగు మీద కూర్చుని చెప్పుకునే మాట, వినడానికి సొంపుగా ఉందని ముందు పెట్టాను. నిజానికి పన్నెండో ఏట కీళ్ళజ్వరం వచ్చి, గుంటూరు ఆసుపత్రిలో నలభై రోజులు పడుకున్నాడు. అక్కడి గడప ఎత్తెంతో ఆయనకు బాగా తెలుసు, రెండుసార్లు తట్టుకుని పడ్డాడు కూడా. ఊరూరా గాలించడమూ ఉత్తదే. ఇమ్మానుయేలు చెల్లెల్ని ఆ పాలెం పక్క ఊళ్ళో ఇచ్చారు కాబట్టి, చెల్లెల్ని చూడ్డానికి వచ్చినవాడు చౌడయ్య ఇంటికి వచ్చాడు.

"గుండెలో తలుపు ఒకటి బిగుసుకుపోయిందన్నారంట తల్లీ," అంది కోటిరత్నం. "నెలకో సూది వెయ్యాలన్నారంట. ఏడాది ఏయించి మానేశారు. ఈ మధ్య పడుకుంటే గుండెలో పిచ్చిక రెక్కలు కొట్టుకున్నట్టుందంటాడు. ఎవరికీ చెప్పనియ్యడు."

"ఆవిడకి మాటలు పెంచటం అలవాటు," అన్నాడు చౌడయ్య.

షబానా ఆయన మణికట్టు పట్టుకుంది. కాసేపు పట్టుకునే ఉంది. ఆ నాడికి ఒక వరస లేదు. గబగబా నాలుగు అడుగులేసి, ఆగి, మళ్ళీ తడబడుతోంది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "ఇలాంటి గుండెలో రక్తం గడ్డకట్టి, అక్కణ్ణించి కదిలి కిందికి పోతుంది ఒక్కోసారి. కానీ అట్లా పోతే కాళ్ళకు రక్తం ఆగాలి." గుడ్డ వైపు చూసింది. "ఆగలేదు కదా."

కోటిరత్నం కూడా గుడ్డ వైపే చూస్తోంది. ఆమె చదువు అయిదో తరగతి. నూలు గురించి అయితే అడగండి, ఏ పోగు ఏ నీళ్ళలో తడిసిందో వాసన చూసి చెబుతుంది. ఆ తెలుపులో ఆమెకు ఏదో పట్టి లాగుతోంది. తన చేతులకు ఇంకా ఆయన పాదాల చల్లదనం అంటుకునే ఉంది. చల్లటి కాలు మీద తెల్లటి గుడ్డ.

"డాక్టరమ్మా, నువ్వొకసారి ఈ ముక్కాలి పీట మీద కూర్చో."

"ఎందుకు?"

"కూర్చో తల్లీ, చెప్తా."

షబానా ఎందుకు కూర్చుందో ఆమెకే తెలియదు. కోటిరత్నం మొగుడి మీది గుడ్డ లాగి, డాక్టరు ఒడి నుంచి పాదాల దాకా కప్పింది. గుడ్డ ఎర్రబడింది. తీసి, పక్కనే నిలబడ్డ నర్సు కాళ్ళకు చుట్టింది. ఎరుపే. తన కాళ్ళకు చుట్టుకుంది. మందారం.

"నీకు రోగం, ఈ అమ్మాయికి రోగం, నాకు రోగం. బల్ల మీద కట్టెలాగా పడున్న ఆయనొక్కడే ఆరోగ్యవంతుడు. ఇది నమ్మే మాటేనా?"

కోటిరత్నం గుడ్డ విప్పి చేతిలోకి తీసుకుంది.

"ఈయన కాళ్ళు సందేళ మగ్గంలోంచి లేచేటప్పుడు ఎట్టా ఉంటయ్యో నేనెరుగుదును. చచ్చినోళ్ళ కాళ్ళు తెచ్చి తగిలించుకున్నట్టుంటయ్. ఆ కాళ్ళు గుంటలో ఉన్నప్పుడే దీని దారం చుట్టారమ్మా. వంద గంటలు. ఈ గుడ్డకు కాళ్ళంటే ఆ కాళ్ళే. సగం చచ్చిన కాళ్ళని చూసి ఇదే ఆరోగ్యమని నేర్చుకుంది. ఇప్పుడు పూర్తిగా చస్తన్నా దానికి పెద్ద తేడా కనపడదు."

గుడ్డ నేల మీదికి జారింది. షబానా లేచి, చౌడయ్య గజ్జల్లో కుడివైపు రెండు వేళ్ళు ఆనించింది. పొత్తికడుపు ముగిసి తొడ మొదలయ్యే మడత దగ్గర, ఎంత బక్కవాడికైనా తప్పకుండా నాడి కొట్టుకునే చోటు. పది అంకెలు లెక్కపెట్టేంత సేపు ఉంచింది. ఎడమవైపు ఉంచింది. నాడి చప్పుడు వినిపించే చేతి యంత్రం తెప్పించి ఆనించింది. ఖాళీ గాలి చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

"రెండు వైపులా లేదు," అంది. "పొట్టలోంచి వచ్చే పెద్ద రక్తనాళం రెండు కాళ్ళకు చీలే చోట గడ్డ ఇరుక్కుంది. సరిగ్గా ఎప్పుడు మొదలైంది?"

"పది దాటి పది నిమిషాలకు."

"అంత ఖచ్చితంగా ఎలా చెప్తున్నావు?"

"మగ్గం ఆగింది."

షబానా గడియారం చూసింది. పన్నెండున్నర. "ఆరు గంటలు దాటితే కండరం చావడం మొదలుపెడుతుంది. నాలుగూ పదిలోపు గడ్డ బయటికి రావాలి."

ఆ తర్వాత అక్కడ ఎవరూ నడవలేదు, అందరూ పరుగే. చేతికి సూది గుచ్చి, గడ్డ ఇంకా పెరగకుండా ఆపే మందు ఎక్కించారు. నొప్పికి మందిచ్చారు. గుండె గీతలు తీశారు, పిచ్చుక రెక్కల్లాగే వచ్చాయి. కోటిరత్నం అలవాటుగా దుప్పటి వెచ్చబెట్టబోతే షబానా ఆమె చెయ్యి పట్టుకుంది. "వేడి వద్దమ్మా. రక్తం లేని కాలు వేడిని తట్టుకోలేదు, కాలిపోయినా ఆయనకు తెలియదు. దూది చుట్టి ఊరికే ఉంచుదాం." కోటిరత్నం చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇసుక మూట ఆమె కళ్ళ ముందు మెదిలింది.

ఫోనులో గుంటూరు పెద్దాసుపత్రి సర్జనుతో షబానా రెండే మాటలు చెప్పింది. స్కాను బల్ల ఖాళీగా ఉంచండి, ఆపరేషను బల్ల కూడా ఖాళీగా ఉంచండి. తనే అంబులెన్సు ఎక్కింది.

దారి పొడుగునా ఒక చెయ్యి చౌడయ్య నాడి మీద ఉంచి, బయటికి చూస్తూ కూర్చుంది. ఊరు దాటాక కోటిరత్నంతో అంది. "మార్చిలో ఒకామెను తెచ్చారు. ఉప్పు కొఠారులో తట్టలు మోసే మనిషి. రెండు కాళ్ళూ పడిపోయాయి. గుడ్డ పరిచాను. చాలా లేతగా నీలం వచ్చింది, గోరంత. మరీ తక్కువ కాదులే అనుకున్నాను. వెన్ను స్కానుకు పంపాను. దారిలోనే పోయింది."

కోటిరత్నం కొంగుతో మొగుడి నుదురు తుడిచింది.

"వేళ్ళతో చూడ్డం మొదటి సంవత్సరం చదువులోనే నేర్పారు మాకు," అంది షబానా. "గుడ్డ వచ్చాక మానేశాను."

గుంటూరు చేరేసరికి రెండూ ఇరవై. స్కాను బొమ్మలో పెద్ద నాళం నడుము దాకా వచ్చి, కత్తిరించినట్టు ఆగిపోయింది. మూడింటికి ఆపరేషను గది తలుపు మూశారు. రెండు గజ్జల్లోనూ చిన్న కోతలు పెట్టి, కొసన బుడగ ఉన్న సన్నటి గొట్టం పైకి పంపుతారని, గడ్డను దాటాక బుడగ ఊది మెల్లగా వెనక్కి లాగుతారని, గడ్డ దానితో పాటు వస్తుందని షబానా చెప్పింది. మగ్గం మీద పోగులు దువ్వే పన్నె కన్నాల్లోంచి చిక్కుపడ్డ నూలును వెనక్కి లాగడం కోటిరత్నానికి తెలుసు. మధ్యలో తెగితే ఏమవుతుందో కూడా తెలుసు.

మూడున్నరకు కబురు అందుకుని ఇమ్మానుయేలు మోటారుసైకిలు మీద వచ్చాడు. హెల్మెట్టు తియ్యకుండానే వరండాలో పరుగెత్తుకొచ్చాడు. షబానా జరిగింది చెబుతుంటే అతని ముఖం గంజిలో ముంచిన గుడ్డలా బిగుసుకుపోయింది.

"నేనే అట్టాగే కూర్చోమన్నాను పిన్నీ. నేనే అన్నాను."

"అన్నావు. ఇప్పుడేం చేస్తావు?"

"సరిచెయ్యొచ్చు. కాళ్ళ దగ్గర ఎంత తేడా ఉందో కొలిచి, ఒక పట్టీ రాసి అన్ని ఆసుపత్రులకు పంపిద్దాం. వారం పది రోజుల్లో..."

"ఈ వారంలో ఎవరి కాళ్ళ మీద పరుస్తారో ఎవరికి తెలుసు?"

"ఒక్కసారిగా తప్పని చెప్తే ఇక ఎవరూ గుడ్డ ముట్టుకోరు పిన్నీ. ఆరేళ్ళ పని. ప్రయోగశాల మూసేస్తారు."

"మూస్తే మూశారు."

"బాబాయి పేరు కూడా పోతుంది."

కోటిరత్నం ఆపరేషను గది తలుపు వైపు చూసింది. ఎర్ర దీపం వెలుగుతోంది. "నా మొగుడు లోపలున్నాడు. పేరు సంగతి నేను ఆయనతో మాట్లాడుకుంటా. నువ్వు ఫోను తియ్యి."

ఇమ్మానుయేలు వరండా మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క ఆసుపత్రికీ ఫోను చెయ్యడం మొదలుపెట్టాడు. ఆమె పక్కనే నిలబడి విన్నది. మొదటి రెండు ఫోన్లలో అతను, గుడ్డలో చిన్న లోపం లాంటిది ఉండొచ్చని అన్నాడు. మూడోదానికి ముందు ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. "లాంటిది తీసెయ్. ఉండొచ్చు కూడా తీసెయ్. ఆ రెంటికీ మళ్ళీ చెయ్యి." అతను మళ్ళీ చేశాడు. కాళ్ళ మీద ఈ గుడ్డ అబద్ధం చెబుతుంది, ఎవరికైనా రెండు కాళ్ళూ ఒక్కసారిగా పడిపోతే ముందు గజ్జల్లో వేళ్ళు పెట్టి చూడండి, నాడి లేకపోతే గడ్డే అనుకోండి, గంట లెక్కపెట్టుకోండి. నలభై మూడు సార్లు అదే చెప్పాడు. వాళ్ళలో ఏడు చోట్ల నుంచి మాకూ ఒకరుండేవారు అనే మాట వచ్చింది. ఇంకోచోట ముగ్గురు. అతను ఒక కాగితం మీద గీతలు గీస్తూ వచ్చాడు. చీకటిపడ్డాక ఆఖరి ఫోను పెట్టేసి కాగితం చాపాడు. షబానా తీసుకుని, తన గీత ఒకటి కలిపి లెక్కపెట్టింది. పదకొండు.

ఆ ఫోన్లు ఇంకా సాగుతుండగానే, నాలుగూ అయిదు నిమిషాలకు సర్జను బయటికొచ్చాడు.

"గడ్డ వచ్చేసింది. రెండు వైపులా రక్తం దిగింది," అన్నాడు. "అసలు గండం ఇప్పుడమ్మా. ఆరు గంటలు కాళ్ళలో నిలవున్న చెడు రక్తం ఇప్పుడు ఒక్కసారిగా గుండెకూ మూత్రపిండాలకూ వస్తుంది. గుండె ఆగొచ్చు. కండరాలు ఉబ్బి లోపల్నుంచే నాళాలను నొక్కుకుంటాయి. అందుకని పిక్కలు రెండు వైపులా కోసి వదిలాం. కుట్టలేదు, చూసి భయపడొద్దు."

రాత్రికి గుండె రెండుసార్లు తప్పింది, రెండుసార్లూ మందులతో దారికి తెచ్చారు. మర్నాడు మూత్రం కాఫీ డికాక్షను రంగులో వచ్చి, ఆపైన రావడమే మానేసింది. యంత్రం పెట్టి రక్తం కడిగారు. షబానా తన ఊరు వెళ్ళి, పని చూసుకుని మళ్ళీ వచ్చింది. కోటిరత్నం రోజుకు రెండుసార్లు లోపలికి వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే గజ్జల్లో రెండు వేళ్ళు ఆనించి చూసేది. నాడి చిన్నగా, వరస లేకుండా, కానీ కొట్టుకుంటూ ఉండేది. మూడో రోజు మధ్యాహ్నం పాదాలు పట్టుకుంది. రెండు పాదాలూ వెచ్చగా ఉన్నాయి. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన పాదాలు అంత వెచ్చగా ఉండటం ఆమె ఎరగదు.

నాలుగో రోజు చౌడయ్యకు పూర్తిగా తెలివొచ్చింది. ఆటో దిగాక జరిగిందేదీ గుర్తులేదు. మొదటి మాట, "గుడ్డ ఏమంది?"

"తెల్లగా ఉంది. నీకేం లేదంది."

ఆయన చాలాసేపు పైకప్పు చూశాడు. మగ్గం మీద తప్పు పోగు ఎక్కడ పడిందో వెతికేటప్పుడు అలాగే చూస్తాడు.

"గుంటలో కూర్చున్న కాళ్ళు," అన్నాడు చివరికి. ఎవరూ చెప్పకుండానే. "నన్ను చూసి నేర్చుకుంది."

"ఊఁ."

"ఇంకెవరినన్నా?"

అబద్ధం చెప్పొచ్చు. డాక్టర్లు కూడా ఇప్పుడే చెప్పొద్దన్నారు. కానీ ఆయన ఎలాగూ తెలుసుకుంటాడు, అప్పుడిక తన ముఖం చూడడు.

"పదకొండు మంది. అందరూ పోలేదు. కొందరికి కాళ్ళు పోయినయ్."

చౌడయ్య కళ్ళు మూసుకున్నాడు. రెప్పల కింద నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. గుడ్డ అంచులో తన పేరు నెయ్యడానికి ఆయన అదనంగా రెండు రోజులు కూర్చున్న సంగతి ఆమెకు గుర్తుంది. ఆ రెండు రోజులూ అన్నం కూడా మగ్గం దగ్గరికే తెచ్చిపెట్టమన్నాడు.

"ఇమ్మానుయేలును పిలువు," అన్నాడు.

అతను వచ్చి మంచం కాళ్ళ దగ్గర తలొంచుకుని నిలబడ్డాడు.

"ఎందుకట్టా నిలబడ్డావు, పెళ్ళిచూపుల్లో పిల్లలాగా. ఇట్టా రా. నేను నా గుండె సంగతి దాచిపెట్టా. నువ్వు గుంట సంగతి చూడలా. ఇద్దరం కలిసి నేసిన తప్పు. ఇప్పుడు విను. ఆ గుడ్డలన్నీ వెనక్కి తెప్పించు. ఉన్న యాభై ముక్కలూ. ఈసారి దారం ఒక్కడికి చుట్టొద్దు. చేపలమ్ముకుంటా ఊళ్ళు తిరిగే ఆడోళ్ళకి చుట్టు, ఉత్తరాలిచ్చే ఆయనకి చుట్టు, బడికి పోయే పిల్లలకి చుట్టు. నడిచేటోళ్ళకి చుట్టు. ఎవరి కాళ్ళు ఎట్టా ఉంటయ్యో అన్నీ నేర్చుకోనీ దాన్ని."

"సరే బాబాయ్."

"అంచులో నా పేరొద్దు. ముందు వేళ్ళతో చూడండి అని నెయ్యి. నేనే నేస్తా, లేవనియ్."

ప్రయోగశాల ఏడాదిన్నర మూతపడి ఉంది. తర్వాత చిన్నగా, వేరే పేరుతో తెరుచుకుంది. కొత్త పడుగులో నలభై ఇద్దరి నాడి ఉంది. ఉప్పు కొఠారు ఆమె కూతురు కూడా వాళ్ళలో ఒకతి. షబానా ఆమె ఇంటికి తనే వెళ్ళి, జరిగింది చెప్పి, అడగొచ్చో లేదో అని నసుగుతుంటే, ఆ పిల్ల తనంతట తనే చెయ్యి చాపింది. నేతపాలెంలో గంటకొకసారి గంట కొడతారు. అది వినగానే మగ్గాలన్నీ ఆగి, నేతగాళ్ళు గుంటల్లోంచి లేచి, వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచి మళ్ళీ దిగుతారు. మొదట్లో పక్క ఊరివాళ్ళు చూసి నవ్వారు. ఇప్పుడు వాళ్ళ ఊళ్ళోనూ కొడుతున్నారు.

ఇదీ జరిగింది. ఇందులో ఉప్పుకయ్యల నాచు ఉంది, నాడి నేర్చుకునే దారం ఉంది, రంగులు మారే గుడ్డ ఉంది. ఇవేవీ నేను కల్పించినవి కావు, ఎవరితోనైనా ఒట్టు పెట్టుకుంటాను. కల్పించింది ఒకటే. మూడో రోజు మధ్యాహ్నం రెండు పాదాలూ వెచ్చగా ఉన్నాయని రాశాను. కుడిది వెచ్చగా ఉంది. ఎడమ కాలు అప్పటికే మోకాలి కింద నుంచి తీసేశారు. కొత్త గుడ్డ అంచు నేసినప్పుడు చౌడయ్య రెండు చెక్కలనూ ఒక్క కాలితోనే, ఒకదాని మీది నుంచి ఇంకోదాని మీదికి గెంతిస్తూ తొక్కాడు. ఇసుక మూట పెట్టిన ఆ గంటా అయిదు నిమిషాల గురించి కోటిరత్నం ఈనాటికీ ఎవరితోనూ మాట్లాడదు. ఒక్క వాక్యంలోనైనా పోయిన ఆ గంటను ఆమెకు తిరిగిచ్చేద్దామని, రెండూ అని రాశాను.